చీమేది? బీజమేది?

1677లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వర్తకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ ఇంటికి యోహాన్ హామ్ అనే యువకుడు వచ్చాడు. లైడెన్‌లో వైద్యం చదువుతున్నవాడు. చేతిలో ఒక గాజుసీసా. సెగరోగం పట్టిన ఒక మగవాడి నుంచి స్రవించిన ద్రవం అందులో ఉంది. దానిలో తోకలున్న బుల్లి జీవాలు కదులుతున్నాయనీ, రోగికి టర్పెంటైన్ తాగించాక అవి చచ్చిపోయినట్టు కనిపించాయనీ అతను చెప్పాడు. కుళ్లినచోట పురుగులు పుట్టుకొస్తాయని నమ్మే కాలం అది. ఇవీ అలా పుట్టినవేనని హామ్ అనుకున్నాడు.

లీవెన్‌హుక్ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాడు. రెండు ఇత్తడి రేకుల మధ్య అతి చిన్న కటకాన్ని బిగించి, తన చేత్తో చేసుకున్న సూక్ష్మదర్శినితో అప్పటికే నీటిలోని జీవులను, నెత్తుటి కణాలను చూసినవాడు. రోగి ద్రవంలో ఉన్నవి ఆరోగ్యవంతుడి వీర్యంలో కూడా ఉంటాయా అన్నది అతని అనుమానం. ఆ ఆరోగ్యవంతుడు తానే అయ్యాడు. భార్యతో కలిసిన వెంటనే, నాడి ఆరుసార్లు కొట్టుకునేలోపే పరీక్షించానని 1677 నవంబరులో లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు లార్డ్ బ్రౌంకర్‌కు ఉత్తరం రాశాడు. పాపపు పని చేసి తెచ్చిన నమూనా కాదని సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు. పండితులకు రోతగా తోస్తే అచ్చువేయవద్దన్నాడు. సొసైటీ దాన్ని లాటిన్‌లో అచ్చువేసింది.

మనిషి వీర్యకణం మొట్టమొదట మనిషి కంటపడింది ఇలా, ఒక సెగరోగి స్రావంలో. ఏది బీజమో, ఏది రోగమో తెలియని తికమక హామ్ ఒక్కడిదే కాదు. అతనికి ముందు పదిహేను వందల ఏళ్లుగా ఐరోపా వైద్యం అందులోనే మునిగి ఉంది. తర్వాత కూడా ఎన్నో తరాలు అందులోంచి బయటపడలేకపోయాయి. వీర్యంలో చీము అనే చిన్న విషయం వెనక ఇంత పెద్ద చరిత్ర ఉండడానికి కారణం ఈ తికమకే.

క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ మగవాడి మూత్రనాళం నుంచి దానంతటదే కారే తెల్లని ద్రవాన్ని వీర్యమేననుకున్నాడు. కోరిక లేకుండానే బీజం జారిపోయే జబ్బుగా దాన్ని వర్ణించాడు. చీమును వీర్యంగా లెక్కగట్టిన ఈ అభిప్రాయానికి గాలెన్ పేరుకున్న గౌరవం తోడై, వెయ్యేళ్లకు పైగా దాన్ని కదిపినవాళ్లు తక్కువ.

మన దేశపు సుశ్రుత సంహిత ఆ దారిన పోలేదు. సంతానానికి పనికిరాని వీర్యాన్ని శారీరస్థానం రెండో అధ్యాయం ఎనిమిది రకాలుగా విడదీసింది. వాతం, పిత్తం, కఫం ఒక్కొక్కటిగా చెడగొట్టినవి మూడు. పీనుగు వాసన వేసేది, గడ్డలు కట్టేది, కుళ్లి చీములా ఉండేది, క్షీణించినది, మలమూత్రాల వాసన వేసేది మిగిలిన అయిదు. మంచి వీర్యం స్ఫటికంలా మెరుస్తూ, ద్రవంగా, జిడ్డుగా, తేనె వాసనతో ఉంటుందని గుర్తులు చెప్పింది. చీములాంటి వీర్యం పిత్త కఫాలు రెండూ చెడడం వల్ల వస్తుందనీ, నయం కావడం కష్టమే కానీ అసాధ్యం కాదనీ తేల్చింది. పరూషకం, మర్రి మొదలైన మూలికల వర్గాలతో కాచిన నెయ్యి దానికి మందు.

ఆ వైద్యుడి దగ్గర ఉన్న పరికరాలు కన్ను, ముక్కు మాత్రమే. మందు సంగతి ఎలా ఉన్నా, ఆ జాబితాలో రెండు గట్టి మాటలున్నాయి. వీర్యం వేరు, అందులో కలిసే చీము వేరు అన్నది ఒకటి. పిల్లలు పుట్టకపోతే లోపం మగవాడిలోనూ ఉండవచ్చన్నది రెండోది. ఈ రెండో మాటను ఆచరణలో పెట్టడానికి ప్రపంచానికి చాలా కాలం పట్టింది.

మళ్లీ ఐరోపాకు వస్తే, వీర్యంలో తోకల జీవాలున్నాయని తెలిశాక కూడా అవేమిటో తేలలేదు. 18వ శతాబ్దంలో ఇటలీ పరిశోధకుడు స్పల్లాంజానీ మగ కప్పలకు టాఫెటా గుడ్డతో లాగులు కుట్టి తొడిగి, వీర్యం తగలకపోతే గుడ్లు పిల్లలు కావని నిరూపించాడు. అంత చేసీ ఆ కణాలు వీర్యంలో బతికే పరాన్నజీవులేననుకున్నాడు. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ కూడా వాటిని పరాన్నజీవుల కిందే జమకట్టాడు. అవి వృషణంలోని కణాల నుంచే తయారవుతాయని 1841లో స్విస్ శాస్త్రవేత్త కోలికర్ చూపించాడు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ గుడ్డులోకి వీర్యకణం చేరడాన్ని, రెండు కేంద్రకాలు కలవడాన్ని గమనించాడు. హామ్ సీసా పట్టుకొచ్చిన రెండు వందల ఏళ్లకు గానీ బీజం మీద ఉన్న ‘పురుగు’ అన్న నింద తొలగలేదు.

చీము కథ అంతకంటే గజిబిజిగా నడిచింది. లండన్‌లో పేరుమోసిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1767లో ఒక ప్రయోగం చేశాడు. సెగరోగి చీములో ముంచిన లాన్సెట్‌తో ఒక మనిషి పురుషాంగం మీద రెండుచోట్ల గాట్లు పెట్టాడు. ఆ మనిషి హంటరేనని చాలాకాలం చెప్పుకొన్నారు, కానీ తన పుస్తకంలో ఆయన ఆ సంగతి తేల్చలేదు. గాట్లు పెట్టినచోట సిఫిలిస్ పుండ్లు లేచాయి. దాంతో సెగ, సిఫిలిస్ రెండూ ఒకే జబ్బుకు రెండు రూపాలని 1786లో అచ్చయిన తన గ్రంథంలో గట్టిగా రాశాడు. చీము ఇచ్చిన రోగికి రెండు జబ్బులూ కలిసి ఉండడమే ఆ పొరపాటుకు మూలం. పారిస్‌లో ఫిలిప్ రికార్డ్ సుమారు 2,500 ఇనాక్యులేషన్లు చేసి, రెండూ వేర్వేరని 1838లో ప్రకటించేదాకా హంటర్ మాటే చెల్లింది.

అదే పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు చీమునూ, జననేంద్రియాల స్రావాలనూ సూక్ష్మదర్శిని కింద పెట్టడం మొదలుపెట్టాడు. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని 1836లో అతను కనిపెట్టింది అలాంటి స్రావంలోనే. చీము అసలు ఏమిటన్న ప్రశ్నకు జవాబు 1867లో దొరికింది. కప్ప పేగుల్ని పట్టి ఉంచే పలచని పొరను యూలియస్ కోన్‌హైమ్ మైక్రోస్కోప్ కింద పరిచి, వాపు వచ్చినచోట తెల్ల రక్తకణాలు రక్తనాళాల గోడల్లోంచి దూరి బయటకు రావడం చూశాడు. చీములోని కణాలు ఎక్కడో కుళ్లి పుట్టినవి కావు, నెత్తుటిలోంచి వచ్చినవేనని అప్పుడు అర్థమైంది.

కోన్‌హైమ్ దగ్గర చదువుకున్న ఆల్బర్ట్ నైసర్ 1879లో, తనకు 24 ఏళ్ల వయసులో, బ్రెస్లావ్‌లో ఆ కణాల లోపలికి చూశాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు వ్రోత్స్‌వాఫ్. సెగరోగుల చీమును పలకమీద పలచగా రాసి, మిథైల్ వయొలెట్ రంగు వేసి చూస్తే, చిక్కుడు గింజలు రెండేసి ఎదురెదురుగా పెట్టినట్టున్న సూక్ష్మక్రిములు తెల్లకణాల లోపల గుంపులుగా కనిపించాయి. పుట్టిన వెంటనే కళ్లు చీము పట్టిన పసిపిల్లల్లోనూ అవే ఉన్నాయి. ఇప్పుడు ఆ క్రిమికి నైసర్ పేరే ఉంది. గాలెన్ బీజమనుకున్నదానిలో బీజం లేదనీ, శరీరం ఒక క్రిమితో చేస్తున్న పోరాటమే అందులో ఉన్నదనీ అప్పటికి స్పష్టమైంది.

కారణం తెలియకముందు మందులు లేవని కాదు. సెగకు తెలుగునాట చలవమిరియాలు వాడేవారు. జావాలో పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారులు 19వ శతాబ్దం మొదట్లో అవే మిరియాలను ఇంగ్లండుకు పట్టుకెళ్లి అక్కడి ఫార్మసీలకు పరిచయం చేశారు. దక్షిణ అమెరికా చెట్టు బంక కోపైబా, ఆ తర్వాత మైసూరు చందనతైలం కూడా అదే పనికి వాడుకలోకి వచ్చాయి. చందనతైలం నింపిన గొట్టం మాత్రలు మింగడం ఐరోపాలో సెగకు మర్యాదైన వైద్యం. మైసూరు చందనపు చెక్క ఓడల్లో జర్మనీకి వెళ్లేది, తైలం అక్కడ తీసేవారు. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ వ్యాపారం ఆగిపోయి చెక్క మైసూరు సంస్థానంలోనే పేరుకుపోయింది. దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య కాలంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ రసాయనవేత్తలు పూనుకొని 1916లో అక్కడే తైలం తీయించారు. తర్వాత సబ్బుల ఫ్యాక్టరీ వెలిసింది. తెలుగు ఇళ్లలో పండుగ స్నానానికి తీసే మైసూర్ శాండల్ సబ్బు వెనకున్న తైలం గిరాకీలో సెగరోగానిదీ ఒక వాటా.

మింగే మందు చాలకపోతే కడగడం ఉండేది. ఫ్రాన్స్‌లో జూల్ జానే 1890లలో పొటాషియం పర్మాంగనేట్ నీళ్లను మూత్రనాళంలోకి ఒత్తిడితో పంపి కడిగే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1897లో వచ్చిన ప్రొటార్గాల్ అనే వెండి మందును నైసర్ స్వయంగా సిఫారసు చేశాడు. వారాల తరబడి రోజూ కడిగించుకోవాలి. మంట తగ్గేది, స్రావం ఆగేది. రోగి బాగుపడ్డాననుకునేవాడు. పెళ్లి చేసుకునేవాడు.

అక్కడే అసలు నష్టం జరిగేది. న్యూయార్క్‌లో స్థిరపడిన జర్మన్ వైద్యుడు ఎమిల్ నోగెరాత్ 1872లో ఒక పుస్తకం వేశాడు. ఎన్నో ఏళ్ల కిందట తగ్గిపోయిందనుకున్న సెగను మగవాళ్లు భార్యలకు అంటిస్తున్నారనీ, ఆ స్త్రీలు కడుపునొప్పులతో, గొడ్డుతనంతో బాధపడుతున్నారనీ అందులో రాశాడు. ఆయన అంకెలు మరీ ఎక్కువ చేసి చెప్పినవే. అయినా తోటి వైద్యులకు కోపం వచ్చింది అంకెల మీద కాదు, పరువైన భర్తల మీద వేలు చూపించినందుకు. నైసర్ క్రిమి బయటపడ్డాక నోగెరాత్ మాటకు విలువ వచ్చింది.

మగవాడిలో జరిగే నష్టాన్ని అంతకుముందే ఫ్రెంచి శస్త్రవైద్యుడు లియోన్ గోస్సెలాన్ పసిగట్టాడు. వృషణం వెనక చుట్టలు చుట్టుకొని ఉండే సన్నని గొట్టం పేరు ఎపిడిడిమిస్. వీర్యకణాలు అందులోంచే నడిచి బయటకు రావాలి. సెగ చీము అక్కడికి ఎగబాకి రెండువైపులా వాపు తెస్తే, తగ్గాక దారి పూడుకుపోతుంది. అలాంటివాళ్ల వీర్యంలో ఒక్క కణం కూడా లేదని గోస్సెలాన్ 1847లోనూ 1853లోనూ రాశాడు. మగతనంలో లోపం ఉండదు. వీర్యం పరిమాణమూ తగ్గినట్టు కనిపించదు. మైక్రోస్కోప్ పెడితే తప్ప తెలియదు. 1902లో ఫిలడెల్ఫియాకు చెందిన ఎడ్వర్డ్ మార్టిన్ అలా పూడుకుపోయిన ఒక రోగికి సన్నని వెండి తీగతో కుట్లు వేసి, వీర్యనాళాన్ని అడ్డుకు పైభాగాన ఎపిడిడిమిస్‌తో కలిపాడు. కణాలు తిరిగి వచ్చాయి, ఆ దంపతులకు బిడ్డ పుట్టింది.

ఇంత తెలిసినా పరీక్షల భారమంతా ఆడవాళ్ల మీదే పడింది. దానికి వలసపాలన ఒక చట్టరూపమే ఇచ్చింది. మద్రాస్ ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దం తొలి దశకం నుంచే లాక్ హాస్పిటళ్లు అనే సుఖవ్యాధుల ఆస్పత్రులు ఉండేవి. 1868 నాటి అంటురోగాల చట్టం వచ్చాక కంటోన్మెంట్లు, పెద్ద పట్టణాల్లో వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేరు నమోదు చేయించుకోవాలి, నిర్ణీత వ్యవధిలో పరీక్షకు హాజరు కావాలి, జబ్బు కనిపిస్తే ఆస్పత్రిలో నిర్బంధంగా ఉండాలి. సికింద్రాబాద్, బళ్లారి వంటి కంటోన్మెంట్ల లాక్ హాస్పిటళ్ల లెక్కలు ఏటా మద్రాసుకు వెళ్లేవి. సైనికులను అదే తీరున పరీక్షించడానికి మాత్రం అధికారులు వెనకాడారు. వాళ్ల ఆత్మగౌరవం దెబ్బతింటుందట! ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ సాగించిన పోరాటంతో అక్కడి చట్టాలు 1886లో, ఇక్కడిది 1888లో రద్దయ్యాయి. సైన్యంలో సెగ తగ్గలేదు. రోగం ఇద్దరి మధ్య తిరుగుతుంటే ఒకరినే కట్టడి చేస్తే ఎలా తగ్గుతుంది?

ఇంకోవైపు మగవాళ్లను భయం పట్టుకుంది. అది చీము భయం కాదు, వీర్యం పోతుందన్న భయం. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ప్రొఫెసర్‌గా ఉన్న లాలమాన్ 1836 నుంచి 1842 దాకా మూడు సంపుటాలుగా వేసిన గ్రంథంలో, తెలియకుండా వీర్యం కారిపోవడమే సకల రోగాలకూ మూలమన్నాడు. మూత్రనాళంలోకి గొట్టం దింపి, దాని కొనకున్న సిల్వర్ నైట్రేట్‌తో లోపలి పొరను కాల్చడం ఆయన చికిత్స. మన దగ్గర ఆ భయానికి ‘ధాతునష్టం’ అని పేరు. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దాన్ని ‘ధాత్ సిండ్రోమ్’ పేరుతో మానసిక వైద్యంలోకి తెచ్చారు. మూత్రంలో తెల్లగా ఏది కనిపించినా, అది ఫాస్ఫేట్ లవణమైనా చీమైనా, ధాతువే పోతోందనుకొని కుంగిపోయే యువకులు ఆయన దగ్గరకు వచ్చినవాళ్లు. ‘ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఉంటాం’ అని పత్రికల్లో ప్రకటన ఇచ్చే సంచార వైద్యుల వ్యాపారానికి తెలుగు పట్టణాల్లో ఆ భయమే పెట్టుబడి. సుఖవ్యాధులు నయం చేస్తామనీ, లైంగిక సామర్థ్యం పెంచుతామనీ ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అయినా గోడల మీద రాతలు చెరగలేదు. చీముతో వచ్చినవాడికి బలం మందు ఇచ్చి పంపితే, అతని జబ్బు ఇంటికి చేరుతుంది.

20వ శతాబ్దం మధ్యలో పదేళ్ల వ్యవధిలో అంతా మారిపోయింది. 1937లో సల్ఫనిలమైడ్ మాత్రలతో సెగ (గనేరియా) తగ్గుతుందని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు చూపించారు. ఏడెనిమిదేళ్లు తిరక్కుండానే క్రిమి ఆ మందును లెక్కచేయడం మానేసింది. 1943 నుంచి పెన్సిలిన్ సైనికుల మీద అద్భుతంగా పనిచేసింది. వారాల కడుగుళ్లు పోయి ఒకటి రెండు రోజుల సూదులు వచ్చాయి. 1976లో పెన్సిలిన్‌నే ముక్కలు చేసే రకం గోనోకాకస్ (సెగ క్రిమి) బయటపడింది. ఇప్పుడు ఆ క్రిమి మీద నమ్మకంగా పనిచేసే మందులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది సెఫ్ట్రియాక్సోన్ సూది.

ఈ కథలో ఒక తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగాన్ని నడిపించారు. అక్కడ డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో ఆ మందు వెలువడింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ ఇప్పుడు క్లమీడియా చికిత్సలో ముందు వరసలో ఉంది.

క్లమీడియా ప్రస్తావన ఎందుకంటే, గనేరియాకు మందు దొరికాక ఒక వింత బయటపడింది. పెన్సిలిన్‌తో గోనోకాకస్ చచ్చినా కొందరిలో చీము ఆగలేదు. వేరే క్రిమి ఏదో ఉందన్నమాట. దాని జాడ ఎప్పుడో దొరికే ఉంది. సిఫిలిస్ పరిశోధన కోసం నైసర్ జావాకు ఒక బృందాన్ని తీసుకెళ్లినప్పుడు, 1907లో అందులోని హాల్‌బర్‌స్టెట్టర్, ప్రోవాజెక్ అనే ఇద్దరు ట్రకోమా కంటిరోగుల కణాల్లో వింత చుక్కల గుంపులను చూశారు. కణాల లోపల మాత్రమే బతికే ఆ సూక్ష్మజీవి మామూలు కల్చర్ పలకల మీద పెరగదు. అందుకే మూత్రనాళంలో అది చేసే చెరుపు దశాబ్దాల పాటు దొరకని దొంగలా సాగింది. మగవాళ్లలో చాలామందికి నొప్పి కూడా ఉండదు.

క్షయ మరొకటి. ఎపిడిడిమిస్‌కు, ప్రొస్టేట్‌కు క్షయ సోకితే వీర్యంలో చీముకణాలు కనిపిస్తాయి, మామూలు కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగదు. క్షయ ఇంకా తగ్గని మన దేశంలో, క్రిమి దొరకని చీము కనబడితే వైద్యులకు ఆ అనుమానం రావాల్సిందే.

సంతానం లేని దంపతుల్లో భర్త వీర్యాన్ని పరీక్షించాలన్న పట్టింపు కూడా మెల్లగానే వచ్చింది. సంతానలేమికి మైక్రోస్కోప్ సాయం కావాలని అమెరికన్ వైద్యుడు మారియన్ సిమ్స్ 1860లలోనే వాదించాడు. 1913లో మాక్స్ హూనర్ స్త్రీ పురుషులిద్దరి వంధ్యత్వం మీదా పుస్తకం వేశాడు. 1929లో మాకోంబర్, శాండర్స్ వీర్యకణాలను లెక్కపెట్టే పద్ధతిని ప్రచురించారు. 1943లో జాన్ మాక్‌లియోడ్ ఒక విచిత్రం గమనించాడు. ఆక్సిజన్ ఎక్కువైన వాతావరణంలో వీర్యకణాలు చలనం కోల్పోతున్నాయి, కాటలేజ్ అనే ఎంజైము కలిపితే నిలదొక్కుకుంటున్నాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడే వాటిని దెబ్బతీస్తోంది. క్రిములను చంపడానికి తెల్లకణాలు చిమ్మేది కూడా అలాంటి రసాయనాలనే. చీము వీర్యానికి హాని చేసే దారుల్లో ఇది ఒకటని 1980ల తర్వాతి పరిశోధనలు ధ్రువపరిచాయి. తెల్లకణాలున్న ప్రతి వీర్యమూ చెడిందేనా అన్న వాదం మాత్రం ఇంకా తెగలేదు.

తెల్లకణాల లెక్క సరిగ్గా ఉండాలంటే ముందు కణాన్ని గుర్తుపట్టాలి. పాత తికమక ఇక్కడ ల్యాబ్ బల్ల మీద మళ్లీ ఎదురవుతుంది. రెండు నుంచి ఏడు రోజులు ఎడం పాటించి ఇచ్చిన నమూనాను 37 డిగ్రీల వేడిలో పెడతారు. జిగట అరగంటలో కరుగుతుంది. ఒక చుక్క పలకమీద వేసి నాలుగు వందల రెట్లు పెంచి చూస్తే తోకలున్న కణాలు పరుగులు తీస్తుంటాయి. వాటి మధ్య కదలకుండా కొన్ని గుండ్రటి కణాలు. ఇవి చీముకణాలు కావచ్చు, వృషణం నుంచి ముందే రాలిపడిన పచ్చి బీజకణాలూ కావచ్చు. రంగు వేయకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటి అర్థం మాత్రం వేరు. మొదటిదైతే ఎక్కడో వాపు ఉంది. రెండోదైతే వీర్యకణాల తయారీ మధ్యలో తెగిపోతోంది, దానికి యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు.

రెండింటినీ విడదీసే చవకైన దారి పెరాక్సిడేజ్ పరీక్ష. చీములో ఎక్కువగా ఉండే న్యూట్రోఫిల్ కణాల్లో పెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, బీజకణాల్లో ఉండదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎండ్జ్ 1970లలో దీనికి బెంజిడిన్ రంగు వాడాడు. అది క్యాన్సర్ కారకమని తెలిశాక ఆర్థోటోలుయిడిన్ వచ్చింది. ఒక పాలు వీర్యానికి తొమ్మిది పాళ్లు ద్రావణం కలిపి, రెండు నిమిషాలు కుదిపి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలి. న్యూట్రోఫిల్స్ గోధుమరంగు తిరుగుతాయి, మిగిలినవి వెలవెలబోతూ ఉండిపోతాయి. అప్పుడు గళ్ల పలకమీద లెక్కించాలి. లింఫోసైట్లలో ఆ ఎంజైము ఉండదు కాబట్టి అవి ఈ లెక్కలోకి రావు. 1988లో వోల్ఫ్, ఆండర్సన్ యాంటీబాడీలతో అన్ని రకాల తెల్లకణాలనూ పట్టే పద్ధతిని వివరించారు, కానీ అది ఖరీదైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్యపరీక్షకు 1980లో మొదటి చేతిపుస్తకం వేసింది, 2021లో ఆరోది వచ్చింది. మిల్లీలీటరు వీర్యంలో పెరాక్సిడేజ్ రంగు తిరిగిన కణాలు పది లక్షలు దాటితే చీము ఉన్నట్టు లెక్క. ఈ పది లక్షలు ప్రయోగాలతో తేలిన గీత కాదు, నిపుణులు కూర్చుని ఒప్పుకున్నది. మరింత ఆధారం దొరికేవరకు దాన్నే ఉంచుతున్నామని 2010 నాటి అయిదో ముద్రణ చెప్పింది. సంతానలేమితో వచ్చే మగవాళ్లలో నూటికి పది నుంచి ఇరవై మంది ఆ గీత దాటుతారని చాలా అధ్యయనాల సారాంశం. వాళ్లలో పెద్దభాగానికి కల్చర్‌లో ఏ క్రిమీ దొరకదు.

తెలుగు జిల్లాల్లో చిన్న ల్యాబ్‌లు ఇచ్చే చాలా రిపోర్టుల్లో మాత్రం మిల్లీలీటరు లెక్క ఉండదు. ‘పస్ సెల్స్: 8–10/హెచ్‌పీఎఫ్’ అని ఉంటుంది. హెచ్‌పీఎఫ్ అంటే మైక్రోస్కోప్ ఒక్క చూపులో చూపించే మేర. ఆ మేర యంత్రానికీ యంత్రానికీ మారుతుంది. చుక్క మందం మారితే అంకె మారుతుంది. పైగా రంగు వేయకుండా లెక్కించినప్పుడు అందులో పచ్చి బీజకణాలు ఎన్ని కలిశాయో ఎవరికీ తెలియదు. ఆ గడిలో అంకె చూడగానే రెండు మూడు వారాల యాంటీబయాటిక్స్ రాసిచ్చే అలవాటు అలా పుట్టింది. మందు అయ్యాక మళ్లీ పరీక్ష, మళ్లీ అంకె, మళ్లీ మందు.

గుండ్రటి కణాలు పది లక్షలు దాటినప్పుడు అవి తెల్లకణాలా, బీజకణాలా అన్నది ముందు తేల్చాలనీ, తెల్లకణాలైతే ఇన్ఫెక్షన్ కోసం వెతకాలనీ అమెరికన్ యూరాలజీ, పునరుత్పత్తి వైద్య సంఘాలు 2020లో మార్గదర్శకాలిచ్చాయి. చీము ప్రొస్టేట్ నుంచి వస్తోందా, మూత్రనాళం నుంచా అని విడదీయడానికి 1968లో మియర్స్, స్టేమీ రూపొందించిన నాలుగు గ్లాసుల మూత్రపరీక్ష ఉంది. చాలాచోట్ల దాన్ని రెండు గ్లాసులకు కుదించారు. గనేరియా, క్లమీడియాలకు మూత్రం మీదే చేసే న్యూక్లియిక్ యాసిడ్ పరీక్షలున్నాయి.

ఖర్చు పెట్టలేనివాళ్ల కోసం ప్రభుత్వ ఆస్పత్రుల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నడిపే సురక్ష క్లినిక్‌లున్నాయి. సుఖవ్యాధుల విభాగం అన్న బోర్డు కిందికి వెళ్లడానికి జనం సిగ్గుపడుతున్నారనే ఆ పేరు పెట్టారు. అక్కడ మందులు రంగు పెట్టెల్లో ఉంటాయి. మూత్రనాళం నుంచి స్రావం కారేవాళ్లకు ఇచ్చేది బూడిదరంగు కిట్. అందులో ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్. భాగస్వామికి కూడా అదే పెట్టె ఇస్తారు, రోగి ఒక్కడే మింగి ఊరుకుంటే జబ్బు మళ్లీ అతని దగ్గరకే వస్తుంది కాబట్టి. కౌన్సెలర్ మొదట అడిగే ప్రశ్న, ఆమెను ఎప్పుడు తీసుకొస్తారని.